జగిత్యాల పేషెంటు

ఆ దినాల్లో మా దిక్కు పొద్దున లేవగానే జనం అడిగే మొదటి మాట 'చాయ్ తాగినవా' అని కాదు, 'ఇయ్యాల రోడ్డు ఏడ బందు' అని. ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సులు డిపోలు దాటడం లేదు, బడులకు తాళాలు పడ్డాయి, బొగ్గు బాయిలు ఆగిపోయి కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. సిరిసిల్లలో మా వాడంతా మరమగ్గాల చప్పుడు లేక మూగబోయింది. (ఆ చప్పుడు లేకపోతే మా నాయనకు పగటి కునుకు పట్టదు. అందుకని పొద్దంతా ఎవరితో ఒకరితో తగువు పెట్టుకునేవాడు.) నేనూ ఉద్యమంలో ఉన్నదాన్నే. అంతకు ముందు వారమే నడిరోడ్డు మీద పొయ్యి పెట్టి వంటావార్పులో ఉప్మా కలిపాను, ఆగిన కార్లవాళ్ళను నిలదీశాను, గొంతు పోయేలా జై కొట్టాను. ఇదంతా ముందే చెప్పడం ఎందుకంటే, రోడ్డు మీద కూర్చున్నవాళ్ళను తిట్టడానికి నేనీ సంగతి రాయడం లేదు. తిట్టవలసిన మనిషి వేరే ఉంది. ఇప్పుడు మీతో మాట్లాడుతున్నది ఆవిడే.

అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు. జగిత్యాలలో ఒక కాలేజీ ల్యాబులో తాత్కాలిక ప్రాజెక్టు ఉద్యోగం. మా ప్రాజెక్టు సారుకు పిల్లలు పెట్టిన పేరు 'కోల్డ్ చైన్ సారు'. ఏ రసాయనం వచ్చినా 'చల్లగా ఉందా?' అనేది ఆయన మొదటి ప్రశ్న. భార్య టిఫిన్ పంపినా అదే అడుగుతాడని మా నమ్మకం. మా పని సిరిసిల్ల మగ్గాల కార్మికుల రక్తం పరీక్షించడం. మనం పీల్చే గాలే ఒంట్లో కణాలను కొద్దికొద్దిగా తుప్పు పట్టిస్తుంది. దూది పొట్టు పీల్చేవాళ్ళకు ఇంకాస్త ఎక్కువ. ఆ తుప్పును ఆపడానికి ఒంట్లోనే ఒక ఎంజైము ఉంటుంది, దాని పేరు సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్. (ఈ పేరును మా అమ్మకు నేర్పబోతే 'గంత పేరు పెట్టుకున్నదానికి సుస్తీ రాకుంట ఎట్లుంటది' అంది.) కార్మికుల రక్తంలో అది ఎంత ఉందో తేల్చాలంటే పోల్చి చూడటానికి అచ్చమైన ఎంజైము కొంచెం కావాలి. మనిషి జన్యువును తీసుకుపోయి బ్యాక్టీరియాలో పెడితే, అది తనకు అక్కరలేకపోయినా మనిషి ఎంజైమును తయారుచేసి పెడుతుంది. వెట్టిచాకిరీ అంటే అదే. అట్లా తయారైన సీసా ఒకటి, ఎన్నో నెలల ఎదురుచూపు తర్వాత హైదరాబాదు దాకా వచ్చింది. అక్కడినుంచి ఎవరిదో బట్టల బండిలో సిరిసిల్ల కొరియర్ ఆఫీసుకు వచ్చి ఆగిపోయింది. ముందుకు పోయే బండి లేదు.

సారు ఫోను చేశాడు. "అమ్మా, నువ్వు ఊళ్ళోనే ఉన్నావు కదా, డబ్బా తీసుకుని వెంటనే బయలుదేరు. మూత మాత్రం తెరవకు, తెరిస్తే చల్లదనం పోతుంది. ఇది పాడైతే ఇంకో సీసా రాదు, సీసా లేకపోతే ప్రాజెక్టు లేదు, ప్రాజెక్టు లేకపోతే..." అని ఆగాడు. మిగతాది నేనే పూర్తి చేసుకున్నాను. మా ఇంట్లో మగ్గాలు నడవని ఆ రోజుల్లో నెలనెలా ఇంటికి పైసలు తెచ్చిపెడుతున్నది నా ఉద్యోగం ఒక్కటే. ఆ సీసా చల్లగా జగిత్యాల చేరడం నాకు ప్రాణంతో సమానమైపోయింది.

మా చిన్నమామకు ట్రాలీ ఆటో ఉంది, చీరల మూటలు మోసేది. అడిగిందే తడవుగా మెడలో కండువా వేసుకుని తయారయ్యాడు. థర్మాకోల్ డబ్బాను నేను ఒళ్ళో పెట్టుకున్నాను. దాని మీద 'చల్లగా ఉంచవలెను' అని ఇంగ్లీషులో నాలుగు వైపులా చీటీలు. నేను నిమిషానికోసారి దాని వీపు మీద చెయ్యి పెట్టి చూస్తుంటే మామ అద్దంలో చూసి, "పసిపిల్లకు జరం చూసినట్టు చూస్తున్నవేంది?" అని నవ్వాడు. జరం చూడటమే నయం, దానికి గోలీ అన్నా ఉంటుంది.

వేములవాడ పొలిమేరలోనే మొదటి అడ్డం. రోడ్డుకు అడ్డంగా ఎడ్లబండి, దాని ముందు జంపఖానా, దాని మీద ఒక ముప్పై మంది. వాళ్ళ పెద్ద ఒక బడిపంతులు. "ఏడికి? గా డబ్బల ఏమున్నది?" అన్నాడు. నేను చదువుకున్నదాన్ని కదా, నిజమే చెప్పాను. "సార్, ఇది మనిషి ఎంజైము, బ్యాక్టీరియాలో తయారు చేసింది, పరిశోధన కోసం." ఆయన ఒక్క క్షణం నన్ను, ఒక్క క్షణం డబ్బాను చూశాడు. "మనిషిదా? మనిషిది ఏంది?" పక్కనున్న యువకుడు రెండడుగులు వెనక్కి వేశాడు. "బ్యాక్టీరియా అంటే రోగం గాదె సార్?" అన్నాడు. ఇంకొకాయన డబ్బా తెరిపిద్దామన్నాడు. మూత మీదికి చెయ్యి రావడం చూసి డబ్బాను రెండు చేతులా ఒళ్ళోకి అదుముకున్నాను. ఇంతలో మా వెనుక ఒక అంబులెన్సు వచ్చింది. అందరూ లేచి జంపఖానా గుంజేసి, ఎడ్లబండిని చేతులతో నెట్టేసి, దాన్ని దండం పెట్టి మరీ పంపారు. చూశాను. నోరు దానంతటదే తెరుచుకుంది. "సార్, మందు సార్ ఇది. జగిత్యాల దవాఖానల పేషెంటు ఉన్నడు. ఐసు కరిగితే పనికిరాదు."

"గది ముందుగాల చెప్పొద్దా మేడం!" అని పంతులు నా మీదే కోప్పడ్డాడు. ఎడ్లబండి మళ్ళీ పక్కకు పోయింది. అది చాలదన్నట్టు రెండు మోటారు సైకిళ్ళు కూడా మాకు ముందు నడవడం మొదలుపెట్టాయి. 'జరుగున్రి, ఎమర్జెన్సీ' అని వాళ్ళు అరుస్తుంటే మా మామ వద్దన్నా వినకుండా హారన్ కొడుతూ పోయాడు. ఆ రోజు వరకు ఆయన ట్రాలీకి ఎవరూ దారి ఇచ్చింది లేదు.

జగిత్యాలకు తిన్నగా పోయే తోవలో చెట్టు నరికి పడేశారని తెలిసి కోరుట్ల మీదుగా మళ్ళాం. ప్రతి ఊరి దగ్గరా ఒక అడ్డం, ప్రతి అడ్డం దగ్గరా ఒక ప్రశ్న. పేషెంటు ఆడా మగా అన్నారు, మగ అన్నాను. వయసెంత అన్నారు, ముప్పై అయిదు అన్నాను. పెండ్లయిందా అని ఒక ముసలాయన అడిగితే కాకుండా ఉంటుందా అనిపించి అయిందన్నాను. ఆ పక్క ఊళ్ళో బతుకమ్మ పూలు తెంపుకొస్తున్న ఆడవాళ్ళు 'పిల్లలెందరు' అన్నారు. ఇద్దరు, ఇద్దరూ ఆడపిల్లలే అన్నాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఒకామె కళ్ళు తుడుచుకుంది. నాక్కూడా కళ్ళు చెమర్చాయంటే నమ్మండి. అబద్ధం చెప్పడం ఇంత సులువని మా ల్యాబులో ఎవరూ నేర్పలేదు. మామ మాత్రం గుసగుసగా, "బిడ్డా, పేరు గిట్ల అడిగితే ఒకటే పేరు చెప్పు, ఊరికో పేరు చెప్పకు" అన్నాడు.

కోరుట్ల చేరేసరికి మిట్టమధ్యాహ్నం. డబ్బా మీద చెయ్యి పెడితే నా చెయ్యి ఎంత వెచ్చగా ఉందో అదీ అంతే ఉంది. లోపలి ఐసు ప్యాకెట్లు ఎప్పుడో నీళ్ళయి ఉంటాయి. జగిత్యాల చేరే దాకా ఎన్ని అడ్డాలున్నాయో తెలియదు. ఊళ్ళో దుకాణాలన్నీ మూత. మామకు తెలిసిన బరఫ్ చాచా ఒకాయన ఉన్నాడు, చేపలవాళ్ళకు, సోడాలవాళ్ళకు ఐసు పోసే పెద్దమనిషి. మేం పోయేసరికి ఆయన తోపుడుబండి మీద రెండు పెద్ద ఐసు దిమ్మలకు ఊక చల్లి గోనెసంచి కప్పుతున్నాడు. "బేటీ, కరెంటు లేక రెండు దినాలు ఆయె, మిషిన్ బంద్. గీ రెండే మిగిలినయ్. గివి మయ్యత్ ఇంటికి పోతున్నయ్" అన్నాడు. తెల్లవారుజామున ఒకామె చనిపోయింది. పెనిమిటి మస్కట్‌లో ఉన్నాడు, నాలుగేళ్ళయింది వచ్చి. రేపు పొద్దున విమానం దిగుతాడు. అద్దెకిచ్చే చల్లపెట్టె ఉన్నా కరెంటు లేనిదే ఏం లాభం? అందుకని ఐసు. రెండు దిమ్మలుంటే రేపటిదాకా ఆగుతుందని చాచా లెక్క. "నన్ను అడుగకు బేటీ, ఆ ఇంటోల్లను అడుగు" అని బండి తోసుకుంటూ పోయాడు. మేం ట్రాలీని మెల్లగా ఆయన వెనకే పోనిచ్చాం.

ఆ ఇంటి ముందు ఆగినప్పుడే వెనక్కి తిరిగి ఉండవలసింది. వసారాలో మంచం మీద ఆమె ఉంది. కాళ్ళకు పసుపు, కొత్త చీర, నా కంటే పది పదిహేనేళ్ళు పెద్ద అంతే. పక్కన ఆమె అత్త కూర్చుంది, ఏడ్చి ఏడ్చి అలసిపోయిన ముసలామె. చాచా సంగతి చెప్పాడు. ఆమె తల ఎత్తి నన్ను చూసింది. "ఎవలికి బిడ్డా మందు?" అంది. అప్పుడైనా 'ఎవరికీ కాదవ్వా, పరీక్షకు' అనవచ్చు. నోట్లోంచి పొద్దుటి నుంచి వల్లె వేసిన పాఠమే వచ్చింది. "ఇద్దరు ఆడపిల్లల తండ్రి అవ్వా. ముప్పై అయిదేండ్లు. జగిత్యాల దవాఖానల ఉన్నడు." ఒక్క తడబాటు లేదు.

ముసలామె కోడలి మొఖం మీది ఈగను తోలింది. "ఒక దిమ్మ తీస్కపో" అంది. చుట్టాల్లో ఎవరో, "కొడుకు అచ్చేదాక ఆగాలె గదనే" అన్నారు. చాచా కూడా, "ఒక్కదానితోని రేపటిదాంక కష్టం అమ్మా" అన్నాడు. "కరెంటస్తే నువ్వు ఇంకోటి తెస్తవు గద చాచా. రాకుంటె దాని రాత. ఇది ఎట్లాగు లేవది, ఆయన లేస్తడు గద" అని ఆమె కొంగుతో మొఖం కప్పుకుంది. చాచా గడ్డపారతో దిమ్మ పగలగొట్టి, మామ ట్రాలీలోని నీళ్ళ టబ్బులో నా డబ్బా చుట్టూ పేర్చి, ఊక పోసి, గోనె కప్పాడు. నేను దండం పెట్టాను. ఎవరికి పెట్టానో నాకే తెలియదు.

జగిత్యాల చేరేసరికి రెండు దాటింది. ఊరవతల మాత్రం ఒక అడ్డం తగిలింది, 'పేషెంటు' అనగానే లేచారు. కోల్డ్ చైన్ సారు కాలేజీ మెట్ల మీదే నిలబడి ఉన్నాడు. టబ్బు, ఊక, ఐసు చూసి ఆయన మొఖం వెలిగిపోయింది. "శభాష్! ఇదమ్మా కమిట్‌మెంట్ అంటే!" అన్నాడు. లోపలికి తీసుకుపోయి, చేతులకు తొడుగులు వేసుకుని, టేపు కోసి, మూత తీశాడు. జెల్ ప్యాకెట్లు నీళ్ళే. వాటి మధ్య చిటికెన వేలంత సీసా. దాని అడుగున సున్నం గీసినట్టు కాస్త తెల్లటి పొడి. ద్రవం కాదు, పొడి. కింద మడిచిన కాగితం ఒకటి. సారు కళ్ళజోడు పైకి నెట్టి చదివాడు, మళ్ళీ చదివాడు. "అరె... ఇది ఆరబెట్టిన పొడి కదా. గది వేడిలో కూడా మూడు వారాలు ఏమీ కాదట. ఎక్కువ కాలం దాచాలంటేనే గడ్డకట్టించాలట." కింద ఇంకో వరుస ఉంది. దాన్ని నేనే చదువుకున్నాను. పరిశోధనకు మాత్రమే, మనుషులకు వాడరాదు.

"పోనీలేమ్మా, జాగ్రత్త ఎక్కువైతే నష్టమేముంది?" అన్నాడు సారు. ఆయన మంచివాడే. ఆర్డర్ పెట్టేటప్పుడు ఆ కాగితం సంగతి కనుక్కోవాలని తోచకపోవడం తప్ప ఆయన చేసిన తప్పేమీ లేదు. అయినా ఆ క్షణాన ఆయన చేతిలోని సీసాను లాక్కుని గోడకేసి కొట్టాలనిపించింది. నా మీద నాకు అంత అసహ్యం అంతకు ముందు ఎప్పుడూ వేయలేదు. టబ్బులో ఐసు సగానికి పైగా ఉంది. "మామా, బండి తియ్యి, ఐసు వాపస్ ఇచ్చద్దాం" అన్నాను. మామ నీళ్ళు కూడా తాగకుండా స్టార్ట్ చేశాడు.

ఊరవతల అదే అడ్డం. ఇందాక వాళ్ళు కూర్చున్న చోట ఇప్పుడు పొయ్యిలు వెలిగాయి, పెద్ద గంజుల్లో అన్నం ఉడుకుతోంది. "ఇప్పుడేంది మేడం ఎమర్జెన్సీ?" అన్నారు. ఈసారి నిజం చెప్పాను. కోరుట్లలో ఒకామె చనిపోయింది, ఆమెకు ఐసు తీసుకుపోతున్నాం, పోనివ్వండి అన్నాను. "ఇందాక బతికెటోల్లకు మందు అంటిరి, ఇప్పుడు సచ్చినోల్లకు ఐసు అంటున్నరు. ఏం మేడం, మీ పేషెంటు గిట్ల పోయిండా?" అని ఒకడు నవ్వాడు. ఇంకొకాయన మర్యాదగానే చెప్పాడు: "సచ్చినామెకు తొందరేమున్నదమ్మా? అన్నం అయినంక అందరం లేస్తం. మీరు గూడ ఇంత తిని పోన్రి." మామ బతిమాలాడు, నేను ఏడ్చాను. అబద్ధానికి ఒక్క మాటతో లేచినవాళ్ళు నిజానికి ఒక్క అంగుళం జరగలేదు. వాళ్ళను ఏమని తప్పుపట్టను? ముందువారం నేనైనా అంతే చేసేదాన్ని. చివరికి విస్తరాకులు వేసి కూర్చోబెట్టారు. పొద్దుటి నుంచి ఏమీ తినలేదేమో, తిన్నాను. పప్పు బాగుంది. (ఇన్నేళ్ళలో ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. మీకే చెబుతున్నాను.) ట్రాలీ కింద రోడ్డు మీద నీళ్ళు ధారగా పారుతుంటే చూస్తూ తిన్నాను.

కోరుట్ల చేరేసరికి పొద్దు వాలుతోంది. గోనెసంచి కింద తడి ఊక తప్ప ఏమీ లేదు. ఆ ఇంటి ముందు మగవాళ్ళు కాళ్ళు కడుక్కుంటున్నారు. అప్పుడే వైకుంఠం నుంచి వచ్చారు. (మా దిక్కు కాటికి ఆ పేరు.) వసారాలో మంచం ఎత్తేశారు. చాచా గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. "కరెంట్ నై ఆయా బేటీ" అన్నాడు. "మూడింటికే పెద్దమనుషులు చూసిన్రు, ఆగది అన్నరు." ముసలామె లోపలి నుంచి నన్ను గుర్తుపట్టి, "మందు అందిందా బిడ్డా?" అంది. అందిందన్నాను. "గదే సాలు" అంది.

ఎంజైము మాత్రం చక్కగా పనిచేసింది. మా లెక్కలన్నీ సరిపోయాయి, సారు పరిశోధన పత్రం రాశాడు, అందులో నా పేరు కూడా వచ్చింది. సమ్మె ముగిసి బస్సులు తిరగడం మొదలైన వారంలోనే నేను కోరుట్ల బస్సు ఎక్కాను. దారి పొడుగునా చెప్పవలసిన మాటలు కూర్చుకున్నాను. కాళ్ళ మీద పడదామనుకున్నాను, కొడితే కొట్టనీ అనుకున్నాను. చనిపోయినామె పెనిమిటి ఇంట్లోనే ఉన్నాడు, ఇంకా మస్కట్ తిరిగి పోలేదు. గడ్డం పెరిగి, చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుని ఉన్నాడు. నేనెవరో చెప్పగానే లేచి నిలబడి, తనే కుర్చీ తెచ్చి వేశాడు.

"అన్నా, అసలు సంగతేందంటే..." అని మొదలుపెట్టాను.

"నాకు ఎరికే మేడం, మా అవ్వ అంతా చెప్పింది" అన్నాడు. "నేను అచ్చేసరికి బూడిదే ఉండె. మొదలు మా అవ్వను మస్తు తిట్టిన. ఎవలికో ఐసిచ్చి నాకు దాని మొఖం సూడకుంట చేసినవని నెత్తి కొట్టుకున్న. గప్పుడు అవ్వ చెప్పింది, ఇద్దరు ఆడపిల్లల తండ్రట అని. గా మాటతోనే ఏడుపు ఆగింది మేడం. మా ఇంటిది పోయి గూడ ఒగ మనిషిని నిలబెట్టింది. అచ్చినోల్లందరికి గదే చెప్తున్న." కుర్చీ దగ్గరికి జరిగాడు. "ఆయన ఎట్లున్నడు?"

నిజం చెబితే నా బరువు దిగుతుంది. ఆయనకు మిగిలిన ఆ ఒక్కటీ పోతుంది. "బతికిండన్నా" అన్నాను. "మంచిగున్నడు." పిల్లలు? "బడికి పోతున్నరు." ఆయన కళ్ళు తుడుచుకుని నాకు చాయ్ పెట్టించాడు. ఆ చాయ్ కూడా తాగాను.

మొదటి అబద్ధం నా కోసం చెప్పాను. రెండోది ఆయన కోసమని ఇన్నాళ్ళూ నన్ను నేను నమ్మించుకుంటూ వస్తున్నాను. రాష్ట్రం వచ్చింది, నాకు పాఠాలు చెప్పే ఉద్యోగం వచ్చింది, నెత్తిన తెల్లవెంట్రుకలు వచ్చాయి. బతుకమ్మ రోజులు రాగానే మస్కట్ నుంచి ఆయన ఫోను కూడా వస్తుంది. "మన పేషెంటు మంచిగున్నడా?" నా పేషెంటు ఎప్పుడూ మంచిగానే ఉన్నాడు. సొంత ఇంట్లో పిల్లాడు ఏ తరగతో నాకు ఒక్కోసారి గుర్తుండదు కానీ, నా పేషెంటు పెద్దబిడ్డ పదో తరగతి పాసైంది, చిన్నదానికి కళ్ళజోడు వచ్చింది, భార్య కుట్టుమిషను పెట్టుకుంది. క్లాసులో ప్రయోగం ఫలితం ఒక్క గీత తేడా రాస్తే పిల్లలను నిలబెట్టి నిజాయితీ గురించి చెప్పే టీచరమ్మను నేనే. ఆ సమయంలో ఈవిడను చూస్తే నాకే నవ్వొస్తుంది.

మొన్న ఫోను చేసి ఆయన కొత్త మాట అన్నాడు. మస్కట్ వదిలేసి వచ్చేశాడట, ఇక ఇంటి దగ్గరే ఉంటాడట. "ఒక్కసారి ఆయనను చూపియ్యున్రి మేడం. ఏం మాట్లాడ, ఊకె చూసి పోత. మా ఇంటిదాని మొఖం ఎట్లాగు చూడకపోతి."

ఏదో ఒకటి చెప్పాలి, మనిషి దొరకని చోటు ఏదో ఒకటి కావాలి. "ఆయన ఇక్కడ లేడన్నా" అన్నాను. "మస్కట్ పోయిండు."

"అయ్యో! గంత కష్టపడి బతికిచ్చుకున్న మనిషిని గాడికెందుకు పోనిచ్చిన్రు మేడం?" అన్నాడు ఆయన.

నేను ఫోను చెవి దగ్గర పెట్టుకుని నవ్వాను, లేకపోతే ఏడుపే వచ్చేది. ఇంకొక్క మాట అడిగితే చెప్పడానికి, ఆయనను పంపిన ఏజెంటు పేరు కూడా అప్పటికే నా నాలుక మీద ఉంది.